మడుగు దారిలో సూరమ్మ ఇల్లు

ఆ ఎండాకాలం అడవి మొత్తానికి ఒక్క మడుగే మిగిలింది. దానికి వెళ్లే దారేమో పెద్ద బండకీ, ముళ్లపంది సూరమ్మ బొరియకీ మధ్య మరీ ఇరుకు. వెళ్లేవాళ్లకు వచ్చేవాళ్లు అడ్డం. ఒకరోజు ఆ తోపులాటలో చూలుతో ఉన్న జింక చెంగి కిందపడింది. చచ్చినంత పనయింది.

"ఆ బొరియ మీద నేనొక్క తొక్కు తొక్కితే దారి వెడల్పయిపోతుంది," అన్నాడు ఏనుగు కొండయ్య.

సూరమ్మ ముళ్లు నిక్కించి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. లోపల మూడు పసికూనలున్నాయి. "వీళ్లనెక్కడ పెట్టుకోమంటారు?" అంది.

చెంగే కుంటుకుంటూ ముందుకొచ్చింది. "ముందు సూరమ్మ వదినకు ఇల్లు, తర్వాతే దారి. నీళ్లకొచ్చినవాళ్లంతా దాహం తీరాక కాసేపు పనిచేసి వెళ్లాలి."

"నేను కూడానా?" అన్నాడు కొండయ్య.

"నీ ఒళ్లెంతో నీ వాటా అంత."

అడవిపందులు తవ్వాయి. కోతులు మట్టి మోశాయి. కొండయ్య రాళ్లు దొర్లించాడు. తొమ్మిదో రోజుకు మిట్ట మీద కొత్త బొరియ సిద్ధమైంది. సూరమ్మ మూలమూలా వాసన చూసి, పిల్లల్ని ఒక్కొక్కరినే తెచ్చి పడుకోబెట్టింది. ఆ తర్వాత పాత గుమ్మాన్ని తన గోళ్లతో తనే ముందుగా కూలదోసింది.

ఆ సాయంత్రం కొండయ్య నీళ్లు తాగి తిరిగొస్తుంటే, చెంగి బెదరకుండా, ఆగకుండా అతని పక్కనుంచే మడుగుకు నడిచింది.