చెడు చెప్పని గొంతు

మోకాళ్ల నొప్పికి మందు రాయించుకుందామని మంగతాయారు డాక్టరు గదిలోకి వెళ్లేసరికి, బల్లమీది తెరలో ఆవిడ కొడుకు పార్థు కొత్త మాత్ర గురించి చెబుతున్నాడు. పార్థు మెడికల్ రెప్. ఇప్పుడు రెప్పులెవరూ బ్యాగు పట్టుకుని తిరగడం లేదు. వాళ్ల ముఖాన్నీ గొంతునూ కంపెనీలే నకలు తీసి, ఆ నకళ్లను ఒకేసారి వెయ్యి ఆస్పత్రులకు పంపుతున్నాయి.

వింటుంటే ఆవిడకు ఏదో తేడాగా అనిపించింది. పార్థు ఏ మందుకైనా ముందు చెడు చెప్పి, ఆ తర్వాతే మంచి చెప్పేవాడు. తెరలోవాడు మంచి ఒక్కటే చెప్పి నవ్వాడు. డాక్టరు ఆ మాత్రే రాశాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మాత్రల అట్ట కొడుకు ముందు పెట్టింది.

"వేసుకోనా, వద్దా?"

"వద్దమ్మా. కిడ్నీలు దెబ్బతింటాయి."

"మరి అక్కడ ఆ ముక్క చెప్పలేదేంరా?"

"గొంతిచ్చినప్పుడు అన్నీ చెప్పాను. చెడంతా కోసేశారు. సంతకం పెట్టాక అది నాది కాదుగా," అంటూ పార్థు తలొంచుకుని పెరుగన్నం కలుపుకున్నాడు.

ఫోను మోగింది.

"అమ్మా, మాత్ర వేసుకున్నావా?"

పార్థు గొంతే. ఎదురుగా పార్థు నోట్లో ముద్ద ఉంది. ఫోన్లో ఉన్నది తెరలోవాడేనని ఆవిడకు అర్థమైంది. వీడు వద్దన్నాడని కంపెనీకి తెలిస్తే వీడి ఉద్యోగం ఏమవుతుందో, ఇంకేం చేస్తారో.

"వేసుకున్నాన్రా నాన్నా."

"మంచి పని చేశావు. పక్కన ఎవరున్నారమ్మా?"

మంగతాయారు కొడుకు ముఖంలోకి చూసింది.

"ఎవరూ లేర్రా. ఒక్కదాన్నే ఉన్నా," అంది.