అక్క పేరున ఒక దరఖాస్తు

"అక్కా, కొత్త కంపెనీ షేర్లొచ్చాయి. జనం ఎగబడుతున్నారు!"

ఫోన్లో తమ్ముడి గొంతు వినగానే అక్క కుట్టుమిషన్ తొక్కడం ఆపేసింది. పెదాల మధ్య పెట్టుకున్న గుండుసూదులు తీసి పక్కన పెట్టింది. రెడీమేడ్ బట్టల షాపు పైగదిలో కూర్చుని ప్యాంట్ల అడుగులు మడిచి కుట్టడం ఆమె పని. కింద షాపంతా ఒకటే సందడి. పైకి మాత్రం ప్యాంట్లే వస్తాయి, మనుషులు రారు.

"ఏ కంపెనీరా?"

"తాళాలు చేసేవాళ్లు. షేరు ఒకటుంటే అడిగేవాళ్లు అరవై మంది. ఇక లాటరీయే."

"అయితే ఇంకాస్త ఎక్కువ షేర్లకి పెట్టకూడదూ?"

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు! ఇంత గుంపున్నప్పుడు మనలాంటి చిన్నవాళ్లు ఎక్కువ అడిగినా ఒకటే, తక్కువ అడిగినా ఒకటే. మనిషికి ఒక్క చీటీ. అందుకే అన్నిటికంటే చిన్న లాట్, కంపెనీ చెప్పిన పైధరకి, వేరువేరు పేర్లతో వెయ్యాలి. నాదొకటి, మీ మరదలిదొకటి, నీదొకటి. ఒకే పేరున రెండు వేశామా, రెండూ గోవిందా!"

ఈ పాఠం అక్కకు కంఠతా వచ్చు. అయినా అడుగుతుంది. అడిగితే వాడు ఇంకో నాలుగు మాటలు మాట్లాడతాడు.

ఉన్నమాట చెప్పాలంటే, రోజంతా ఆమెతో మాట్లాడే నాథుడే లేడు. ఇంటికెళ్తే ఒంటి మనిషి. గదిలో ఏదో ఒక గొంతు వినపడాలని టీవీ పెట్టుకుని నిద్రపోతుంది. "ఎలా ఉన్నావక్కా" అని అడగడానికి తమ్ముడు ఫోన్ చెయ్యడు. వాడి బుద్ధి చెడ్డదేం కాదు పాపం, తీరిక లేదంతే. షేర్లప్పుడు మాత్రం చెయ్యక తప్పదు. డబ్బు మొదట్లోనే అక్క ఖాతాలో వేసి ఉంచాడు. దరఖాస్తు కూడా వాడే వేస్తాడు. కానీ షేర్లకి డబ్బు కట్టమంటారా అని బ్యాంకు పంపే సందేశం అక్క ఫోన్‌కే వస్తుంది, దానికి అక్కే జవాబివ్వాలి, అదీ సాయంత్రం అయిదింటిలోగా. ఆ విషయంలో అక్క మహా ఖచ్చితం. ఒక్కసారి కూడా గడువు దాటనివ్వలేదు.

ఫలితాలొచ్చిన రోజు మళ్లీ చేస్తాడు. "ఎవరికీ తగల్లేదక్కా, ఛీ, దరిద్రం!" అని వాపోతాడు. అక్క ఓదారుస్తుంది. ఆ ఓదార్పులోంచి మాట పిల్లల చదువుల మీదికి, మరదలి నడుంనొప్పి మీదికి పోతుంది. ఆ పూట అక్కకు ముద్ద గొంతు దిగుతుంది.

"ఒట్టక్కా, ఒక్కసారి తగిలితే చాలు. వెంటనే అమ్మేసి, నా షాపుకి ఆ విరిగిన షట్టర్ మార్పించి, ఈ పిచ్చి మానేస్తా. నీకూ నా ఫోన్ల బాధ వదుల్తుంది."

అక్క కంగారుగా ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుంది.

"నాకేం బాధరా, చెయ్యి!"

"ఊరుకో. పనిలో ఉంటావు, ఊరికే విసిగిస్తున్నా. ఈసారి తగుల్తుంది చూడు. నీ చెయ్యి మంచిది."

"ఇన్నాళ్లూ ఏం ఒరిగిందని?"

"అందుకే, ఇక తగలాలిగా!"

కింది నుంచి మేనేజర్ కేకేశాడు. "నీలం ప్యాంటు ఎంతసేపమ్మా?"

"అయిపోయింది సార్!" అంది అక్క. ఒక కాలు ఇంకా ముట్టుకోనేలేదు.

చేతిలో ఫోన్ కుయ్‌మంది.

"సందేశం వచ్చిందా?" అన్నాడు తమ్ముడు.

"వచ్చిందిరా."

"నొక్కెయ్యి మరి. మర్చిపోకు."

"ఎప్పుడైనా మర్చిపోయానా? అవునూ, చిన్నదాని జ్వరం తగ్గిందా?"

"ఆ, తగ్గింది. ఉంటానక్కా, షాపుకి ఎవరో వచ్చారు. ఫలితాల రోజు చేస్తాలే."

ఫోన్ పెట్టేశాడు. పైగదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అక్కకు ఏడుపొచ్చింది. తగిలితే ఫలితాల రోజు వచ్చేదే ఆఖరి ఫోను.

తెర మీద "అంగీకరించు", "తిరస్కరించు" అని రెండు గళ్లు వెలుగుతున్నాయి. అక్క కళ్లు తుడుచుకుని, ప్రతిసారీ నొక్కినట్టే రెండోది నొక్కింది.