ఊదారాయి అడుగున

బావిలోంచి పైకి తీసిన రాతి పెచ్చును ముసలాయన నోట్లో వేసుకుని నమిలాడు.

తవ్వేవాళ్లంతా గొల్లున నవ్వారు.

"బాబాజీ, ఆకలైతే రొట్టె పెడతాం. మా రాళ్లు మాకొదిలెయ్!" అన్నాడు అల్లాయార్.

ఆ బావి అల్లాయార్ పట్టుదల. ఖేవ్రా ఉప్పు గనులకు ఎగువన ఉన్న వాళ్ల పల్లెకు లోయలోని ఊట ఒక్కటే దిక్కు. ఈ వేసవిలో అదీ చిక్కిపోయింది. అది ఎండితే పిల్లాజెల్లాతో పల్లె వదలాల్సిందే.

ఊదారంగు ఇసుకరాయిని పలకలు పలకలుగా లేపుతూ దిగారు. ప్రతి పలక మీదా ఏనాటి సముద్రానివో అలల గీతలు. పొద్దున్నే జల తగిలింది. మోకాలి లోతు తియ్యటి నీళ్లు నిలిచాయి.

"ఇక ఆపెయ్యండి," అన్నాడు ముసలాయన పెచ్చును ఉమ్మేసి.

"ఎందుకట?"

"పలకలు పల్చబడ్డాయి. మధ్యమధ్య ఎర్రమట్టి తగులుతోంది. రాయి అయిపోవచ్చింది నాయనా. నీళ్లు పట్టి ఉంచేది ఈ రాయే. దీని కిందంతా ఉప్పు."

"ఈ కాసిని నీళ్లు పల్లెకు ఏ మూలకు?"

"సర్దుకోండి. తెల్లారేసరికి మళ్లీ ఊరతాయి."

"ఇంతకీ మీదే ఊరు?"

ముసలాయన కాస్త తడబడ్డాడు. "కొండ అవతల."

ఊట చిక్కినప్పట్నుంచి నీళ్లమ్మే ట్యాంకరు వచ్చేదీ కొండ అవతలి నుంచే. ఇంకేముంది, అందరికీ అంతా అర్థమైపోయింది.

"ట్యాంకరు వాడు పంపాడా? మా బావి నిండితే వాడి పొట్ట కొట్టినట్టనా?"

ముసలాయన బావి అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేశాడు.

"నేనిక్కడుండగా గునపం దించనివ్వను."

ఇద్దరు కుర్రాళ్లు చంకల కింద చేతులేసి ఎత్తి, ఊరి బయట దింపి వచ్చారు.

మధ్యాహ్నానికి గునపం మెత్తటి ఎర్రమట్టిలో దిగబడింది. బుడబుడమంటూ నీళ్లు నడుం లోతుకు లేచాయి. ఆడవాళ్లు సంబరంగా బెల్లం అన్నం వండారు. అల్లాయార్ భార్య జన్నత్ బీబీ మొదటి గుక్క తాగి, ముఖం చిట్లించి ఉమ్మేసింది.

"ఉప్పు!"

"పైపైన తోడి చూడు."

"ఎక్కడ తోడినా ఉప్పే. తియ్యటివీ అందులోనే కలిసిపోయాయి."

దీన్ని బాగుచేసే దారేదైనా ఉంటే ఆ ముసలాయనకే తెలియాలి. అల్లాయార్ సిగ్గు విడిచి కొండ దాటాడు.

అవతల తలుపుల్లేని ఇళ్లు, కూలిన కప్పులు. నడిమధ్య ఒక బావి, దాని అంచంతా తెల్లగా ఉప్పు పేరుకుంది. మేకలు తోలుకుంటూ ఒకామె ఎదురైంది.

"అక్కా, రాళ్లు నమిలే ముసలాయన ఇటొచ్చాడా?"

"ఫజల్ కరీం చాచానా? ఇప్పుడే పోయాడు. ఇంకో పల్లెలో ఎవరో బావి మొదలెట్టారట."

"ఆయన ట్యాంకరు వాళ్ల మనిషే కదా?"

ఆమె వింతగా చూసింది.

"ట్యాంకరేమిటి తమ్ముడూ! ఎవరెంత వద్దన్నా వినకుండా ఈ బావిని ఇంకా లోతు తవ్వించి, మా ఊరిని ఖాళీ చేయించింది ఆయనే."