అరగదీసిన గద్ద

"ఎవడు చేశాడీ పాడు పని?"

ఎక్‌హార్ట్ అరుపుకి హాల్లో సగం మంది ఇటు తిరిగారు.

బల్లకి అవతల నిలబడ్డ ముసలాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయన ఎడమ కనుబొమ సగమే ఉంది. మిగతా సగం చోట పాత కాలిన మచ్చ.

"నేనేనయ్యా. ఆకురాయితో అరగదీశాను."

జర్మనీలోని సెల్లె ఊళ్లో నెలకోసారి జరిగే పాత వస్తువుల సంత అది. ఎక్‌హార్ట్ బల్ల మీద నల్లగుడ్డ పరిచి బెల్టు బకిళ్లు వరసగా పేర్చాడు. ప్రష్యా కిరీటం ఉన్నవి, ఫైరు దళం వాళ్లవి, రైల్వే వాళ్లవి, గద్ద బొమ్మ ఉన్న సైనికుల బకిళ్లు. హిట్లర్ కాలం గద్ద కాళ్ల కిందుండే స్వస్తిక మీద, పోలీసులతో గొడవెందుకని, చిన్న కాగితం ముక్క అంటించాడు.

ఇవన్నీ పోగేయడం మొదలుపెట్టింది ఒక్కదాని కోసం. నాన్న బకిల్ కోసం.

యుద్ధం ఆఖరి నెలలో పోయిన నాన్న శవం ఇంటికి రాలేదు. ఆయన కమ్మరి. సెలవు మీద వచ్చినప్పుడు, బకిల్ వెనక కొక్కెం విరిగితే, గుర్రపు నాడా మేకు వంచి బిగించాడని అమ్మ చెప్పేది. అందుకే ఎక్‌హార్ట్ ఏ బకిల్ చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తాడు.

ఈ రోజు ముసలాయన ఇచ్చినదాన్ని తిప్పలేదు. ముందు వైపు చూడగానే ఒళ్లు మండిపోయింది.

చుట్టూ "దేవుడు మాతో" అన్న అక్షరాలు అలాగే ఉన్నాయి. మధ్యలో గద్ద లేదు. నున్నగా గీసి పారేశారు.

"దీనికి కాగితం ముక్క అక్కర్లేదు," అన్నాడు ముసలాయన, నవ్వించబోయి.

"వెటకారమా? యుద్ధం అయ్యాక గీశావా, ముందే గీశావా?"

"ముందే."

"అంటే పారిపోయావన్నమాట!"

పక్క బల్ల ఊవే కిసుక్కుమన్నాడు.

ముసలాయన టోపీ అంచు నలిపాడు. "ఒక ఊళ్లో ఆడవాళ్లని బడి గోడకి నిలబెట్టి కాల్చమన్నారు. నా వల్ల కాలేదు."

"పిరికోళ్లందరి దగ్గరా ఇలాంటి కథ ఒకటి ఉంటుంది! నీలాంటి వాళ్లు వెన్నుచూపబట్టే మా నాన్నలాంటి వాళ్లు పోయారు. ఆయన గద్దని గీయలేదు. బెల్టు నడుముకి ఉండగానే ప్రాణం వదిలాడు. మా ఊరి చర్చి గోడ మీద రాతిలో చెక్కారు ఆయన పేరు. తెలుసా?"

"రాతిలోనా?"

"మొదటి వరసలో!"

"పూలు పెడతారా?"

"ప్రతి నవంబరులో మా అమ్మ పెడుతుంది. ఊరంతా టోపీలు తీసి నిలబడుతుంది. నీకెవడైనా తీస్తాడా?"

ముసలాయన కాసేపు అతని మొహంలోకే చూస్తూ ఉండిపోయాడు.

"తీయరు," అన్నాడు. "మీ అమ్మగారు బావున్నారా?"

"మా అమ్మ సంగతి నీకెందుకు? నడువ్!"

ఆయన టోపీ పెట్టుకున్నాడు. బకిల్‌ని మాత్రం బల్ల మీదే వదిలేశాడు.

"పైసా ఇవ్వను!"

"అడగలేదుగా," అనేసి మెల్లగా తలుపు వైపు నడిచాడు.

"పొద్దున్నుంచీ నీ బల్ల చుట్టూనే తచ్చాడుతున్నాడు," అన్నాడు ఊవే. "నోరు విప్పడానికి ఇంతసేపు పట్టినట్టుంది."

"విప్పకపోయినా బావుండేది." ఎక్‌హార్ట్ ఆ బకిల్‌ని కాలి దగ్గరున్న తుక్కు డబ్బాలోకి విసిరాడు. కోపం ఇంకా దిగలేదు. మధ్యాహ్నమంతా వచ్చినవాళ్ల మీద విసుక్కుంటూనే ఉన్నాడు.

సంత ముగిసే వేళకి అమ్మ హెడ్విగ్ వచ్చింది. ఫ్లాస్కులో కాఫీ, కాగితంలో చుట్టిన వెన్న కేకు ముక్కలు తెచ్చింది. కొడుకు కాఫీ తాగుతుంటే తను డబ్బాలు సర్దసాగింది.

ఉన్నట్టుండి ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఎక్‌హార్ట్. ఇదెక్కడిది?"

"తుక్కులేమ్మా, పారెయ్. చూడు, ముందంతా ఎలా..."

ఆమె ముందు వైపు చూడటం లేదు. వెనక్కి తిప్పి, వంచి బిగించిన మేకుని బొటనవేలితో తడుముతోంది.

కాఫీ కప్పు ఎక్కడ పెట్టాడో అతనికి తెలియలేదు. తలుపు తోసుకుని రోడ్డు మీదికి పరిగెత్తాడు. బస్‌స్టాప్ ఖాళీగా ఉంది. స్టేషన్ దాకా ఉరికాడు. ప్లాట్‌ఫారం మీద ఊడ్చేవాడు తప్ప ఎవరూ లేరు.

రొప్పుతూ తిరిగొచ్చి బల్లని గుద్దాడు. బకిళ్లన్నీ గలగలమన్నాయి.

"దొంగ వెధవ! నాన్న శవం మీంచి ఒలుచుకుపోయాడమ్మా! పైగా నాకే కథలు చెప్పాడు. దొరికితే పీక పిసికేసేవాణ్ని!"

హెడ్విగ్ కుర్చీలో కూలబడింది. బకిల్‌ని ఒళ్లో పెట్టుకుంది.

"ఆయన ఎడమ కనుబొమ సగమేనా?"

"అవును. నీకెలా తెలుసు?"

ఆమెకి కోపం ముంచుకొచ్చింది. ఆ కోపం ఎవరి మీదో ఆమెకే తెలియలేదు.

"నిన్నెత్తుకుని కొలిమి దగ్గర నిలబడ్డ రోజు, ఎగిరిన నిప్పు నీ మీద పడకుండా మొహం అడ్డం పెట్టాడురా మీ నాన్న."