గోడచెవి

"మీరు చెప్పిందే సార్. కాకపోతే ఇందులో అర్థమయ్యేలా ఉంది."

ముందు బెంచీ అమ్మాయి ఫోన్ చూపిస్తూ, ఏ పాపం ఎరగకుండా అన్న మాట అది. మాస్టారి చేతిలో సుద్దముక్క రెండు ముక్కలైంది.

పద్దెనిమిదేళ్ళుగా ఇంటి ముందుగదిలో కెమిస్ట్రీ ట్యూషన్ చెబుతున్నారాయన. కర్బన సమ్మేళనాలకి పేర్లు పెట్టడం నేర్పాలంటే ఆయనే నేర్పాలి. ఆ పాఠం పేరు నామకరణం కాబట్టి పిల్లలు ఆయనకీ నామకరణం చేసేశారు. నామకరణం మాస్టారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఇప్పుడా బిరుదుకే ఎవరో ఎసరు పెట్టారు. ఫోన్‌లో ఏదో ఫ్లాష్‌కార్డుల యాప్ వచ్చింది. అందులో నామకరణం మీద మూడువందల కార్డులున్నాయట. ఒకవైపు బొమ్మ, తిప్పితే పేరు, దాని కింద ఓ చిట్కా. రాసినవాడు పెట్టుకున్న పేరు 'గోడచెవి'. సందేహం వస్తే పిల్లలు చెయ్యెత్తడం మానేసి బల్ల కింద ఫోన్ చూసుకుంటున్నారు.

సాయంత్రం బ్యాచ్ గడప దాటగానే మాస్టారు వంటింటివైపు కేకేశారు.

"ఇదిగో, ఆ యాపేదో నాకూ పెట్టు. వాడి సంగతేంటో చూస్తాను."

"మీ ఫోన్‌లో ఒక్క ఫొటోకే చోటు లేదు. కంప్యూటర్‌లో పెడతానుండండి."

భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఏవో నాలుగు నొక్కింది. కంప్యూటర్ తెర మధ్యలో యాప్ నిలువుగా, ఫోన్ ఆకారంలోనే వచ్చి కూర్చుంది. పిల్లలు తోసినట్టే మాస్టారు కార్డుని వేలితో పక్కకి తోశారు. తెర మీద వేలిముద్ర పడింది గానీ కార్డు కదల్లేదు.

"వేలు కాదండీ, మౌస్‌తో లాగాలి," అని చెప్పి ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది.

మొదటి కార్డు తిరిగింది. 'అన్నిటికంటే పొడుగు దండెం ఏదో చూడు. ఇంటిపేరు దానిదే. మిగతావి దానిమీద ఆరేసిన బట్టలు. మొదటి బట్ట ఏ కొసకి దగ్గరుంటే ఆ కొస నుంచే లెక్కపెట్టు.'

మాస్టారు రెండుసార్లు చదివారు. 'అతి పొడవైన కర్బన శృంఖలమును ఎన్నుకొని' అంటూ ఆయన అరగంట చెప్పే పాఠమే ఇది.

రెండోది. 'చివర ఓల్ అని వస్తే ఆల్కహాల్. తాగినవాడు మాట చివర్నే సాగదీస్తాడు.' ఆయనకి ఫక్కున నవ్వొచ్చింది. నవ్వినందుకు ఒళ్ళు మండింది.

మూడోది. 'నాలుగు కార్బన్లుంటే బ్యూటేన్. మరిచిపోతే సిలిండర్ని అడుగు, పొయ్యి కిందే ఉంటుంది.'

"బాగున్నాయా?" అంది భార్య.

"ఎందుకు బాగుండవు? నా దగ్గర కొట్టేసిన సరుకేగా! గోడచెవి అంటే ఎవడో తెలిసిపోయింది. మన గడ్డంవాడు!"

గడ్డంవాడు ఆయన పాత శిష్యుడు. మూడేళ్ళూ చివరి బెంచీలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నిరుడు రెండు వీధుల అవతల సొంతంగా ట్యూషన్ పెట్టాడు. ఏకు మేకైంది.

"వాడికింకా పెళ్ళి కాలేదు. బట్టలు వాడే ఆరేసుకోవాలి, పొయ్యి వాడే వెలిగించుకోవాలి. ఈ దండేలూ సిలిండర్లూ అందుకే. ఎలా పట్టేశానో చూశావా?"

"మీ కళ్ళుగప్పడం ఎవరి తరం?" అని ఆవిడ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

చివర్లో పరీక్ష ఉంది. మాస్టారు పళ్ళు కొరుకుతూ అందులోకి దిగారు. నాలుగు కార్బన్ల గొలుసు, దానిమీద ఒక మిథైల్. ఉడుకుమోత్తనంలో ఎడమ కొస నుంచి లెక్కపెట్టి '3-మిథైల్ బ్యూటేన్' అని కొట్టారు.

తెర ఎర్రబడింది. 'కుడి నుంచి చూడండి, బట్ట రెండో చోటే ఉంది. తప్పు కొస పట్టుకున్నారు.'

ఈ తప్పు చేసినందుకు పద్దెనిమిదేళ్ళలో ఆయన ఎందరి చెవులు మెలిపెట్టారో లెక్కలేదు. ఇప్పుడాయన చెవులే వేడెక్కాయి. కడుపు మండిపోతోంది. కొట్టేశాడని కోపం కాదది, ఆయనకీ తెలుసు. దండెం తన పెరట్లోనూ ఉంది. రోజూ దానికింద తల వంచుకునే వెళ్తారు. ఒక్కనాడూ తట్టలేదే! తనకి తట్టనిది ఇంకొకడికి తట్టినందుకు ఏడుపు.

అభిప్రాయాల పెట్టె తెరిచి 'దొంగ' అని రాశారు. చెరిపేశారు. 'గురుద్రోహి' అని రాశారు. అందులో 'ద్రో' సరిగ్గా పడలేదు. అదీ చెరిపేశారు. ఓ ఆశ పుట్టింది. వాడు ఒక్కసారి గురువుగా తన పేరు చెబితే చాలు, పిల్లలంతా చూస్తారు, బిరుదు దక్కుతుంది.

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు.

'అసూయగా ఉందోయ్. దాచుకోను. ఇంత తేలిగ్గా చెప్పడం ఎవరి దగ్గర నేర్చుకున్నావు? నిజం చెప్పు. ఇట్లు, నామకరణం మాస్టారు.'

పంపి, కుర్చీలో వెనక్కి వాలారు. లోపల గిన్నెల చప్పుడు ఆగింది. ఆయన తెర మీంచి చూపు తిప్పలేదు.

నిమిషం తిరక్కుండానే గోడచెవి నుంచి జవాబొచ్చింది.

'మీ దగ్గరేనండీ, వంటింటి గోడకి ఇవతల నిలబడి పద్దెనిమిదేళ్ళు నేర్చుకున్నాను, ఇక లేచి రండి, కాఫీ చల్లారిపోతోంది.'