చిటికెన వేలికి సెలవు

"వెనకాల నిలబడి ఏం చూస్తున్నావయ్యా? ఇక్కడేమన్నా సినిమా ఆడుతోందా?"

ప్రోగ్రామర్ కసురుకునేసరికి బ్రష్ బాబాయి ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆఫీసులో కీబోర్డులు దులపడం, పాడైన మీటలు మార్చడం బాబాయి పని. చేతిలో ఎప్పుడూ బ్రష్షే, అందుకని ఆ పేరు. అసలు పేరేమిటని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. దులపడం అయిపోయినా ప్రోగ్రామర్ కుర్చీ వెనక నిలబడి చూడటం నెల రోజులుగా అతనికి అలవాటైంది.

"చెయ్యి బాగా నొప్పెడుతున్నట్టుంది సార్."

"నా చెయ్యి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు దుమ్ము సంగతి చూడు."

నిజానికి ఆ చెయ్యి సంగతే అతను చూసుకోలేకపోతున్నాడు. పన్నెండేళ్లు ప్రోగ్రాములు రాసి రాసి ఎడమ చెయ్యి మొరాయించింది. పొద్దున్నే చొక్కా గుండీలు భార్య పెడుతోంది. మూలిగే నక్క మీద తాటిపండులా మేనేజరు గడువు కూడా పెట్టాడు.

"రెండు నెలలు చూస్తాను. అప్పటికీ నీ వేగం రాకపోతే ఉంచలేనయ్యా. పైవాళ్లు నన్ను బతకనివ్వరు."

డాక్టరు ఇంకా సూటిగా చెప్పాడు. "టైపు చేసే అలవాటైనా మార్చుకో, ఉద్యోగమైనా మార్చుకో."

ఉద్యోగం మారితే ఇల్లు గడవదు. నెట్‌లో వెతికితే, ప్రోగ్రామర్ల కోసమే ఒకావిడ తయారుచేసిన మీటల అమరిక కనిపించింది. మామూలు కీబోర్డు మీద అక్షరాలది టైపు మిషన్ల నాటి వరస. ఈవిడ ఆ వరసంతా తిరగేసి, ప్రోగ్రాముల్లో మాటిమాటికీ కావలసిన బ్రాకెట్లనీ సెమికోలన్లనీ వేళ్ల దగ్గరికి తెచ్చింది.

అతను కొత్త కీబోర్డు కొని, ఆ అమరిక ఫైలుతో సహా బాబాయి ముందు పడేశాడు.

"ఇది దీంట్లోకి ఎక్కించు. మీటల మీద అక్షరాలు ఉండకూడదు. చూడకుండా నేర్చుకుంటేనే వస్తుందట."

"అలాగే సార్. కాకపోతే మీ ఎడమ చెయ్యి..."

"సలహా అడిగానా? చెప్పింది చెయ్యి."

పది నిమిషాల పనికి బాబాయి నాలుగు రోజులు తీసుకున్నాడు. ఉత్త మీటల కీబోర్డూ, ఏ మీట ఏమిటో చేత్తో గీసిన పటమూ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"నాలుగు రోజులా? నీకంటే నత్త నయం."

"ఆలస్యమైంది సార్. ఏమనుకోకండి."

ముప్పై ఎనిమిదేళ్ల వయసులో మళ్లీ అ ఆలు దిద్దాల్సి వచ్చింది. మొదటి వారం ఒక్క వాక్యానికి పావుగంట పట్టింది. పక్క సీట్లవాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. మూడో వారానికి వేళ్లు దారిలో పడ్డాయి, ఆరో వారానికి పరుగందుకున్నాయి. నొప్పి ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు. ఒక పొద్దున గుండీలన్నీ తనే పెట్టుకుని భార్య ముందు నిలబడ్డాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "దాన్ని తయారుచేసిన మహాతల్లి ఎవరో గానీ, చల్లగా ఉండాలండీ."

ఆ రోజే ఆఫీసులో లాగిన్ అవుతుంటే వెనక ఎవరో ఉన్నట్టనిపించింది. తిరిగి చూస్తే బాబాయి.

"పాస్‌వర్డ్ చూస్తున్నావు కదూ?"

"అయ్యయ్యో, లేదు సార్. మీ వేళ్లు ఎలా..."

"వేళ్లు చూస్తే పాస్‌వర్డ్ తెలియదా? నన్నంత వెర్రివాణ్ణనుకున్నావా?"

ఫిర్యాదు రాసి పారేశాడు. ఒక్క పేజీలో దొంగ అనే మాట మూడుసార్లు వాడాడు. సాయంత్రానికి సెక్యూరిటీవాళ్లు బాబాయి మెడలోని కార్డు తీసేసుకున్నారు. నోట్లో నాలుక లేని మనిషి, తలవంచుకుని మెట్లు దిగిపోయాడు.

"పెద్దాయన పాపం, ఏం తీశాడని?" అంది భార్య, ఇంట్లో సంగతి విని.

"తీసేదాకా ఆగమంటావా?" అన్నాడు.

గడువు నాటికి అతని వేగం చూసి మేనేజరు భుజం తట్టాడు. టీముకు లీడర్ని చేశాడు. ఆ సంబరంలో ఎవరిదో కాఫీ కప్పు ఒలికి కీబోర్డు చచ్చింది.

అయితే ఏముంది? మరోటి కొన్నాడు. నెట్‌లోంచి అదే ఫైలు దించి తనే ఎక్కించాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు.

పాస్‌వర్డ్ కొట్టాడు. తప్పంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ తప్పంది. మూడోసారికి ఖాతాకు తాళం పడింది. కాళ్లావేళ్లా పడి తాళం తీయించుకుని పనికి కూర్చుంటే, వేళ్లు ఒకటి కొడుతుంటే తెర మీద ఇంకోటి పడుతోంది. వెబ్‌సైటులోని బొమ్మ చూసుకుంటూ ఒక్కో మీటా నొక్కాడు. రెండు రోజులు తిరిగేసరికి ఎడమ చిటికెన వేలి నుంచి మోచేతి దాకా పాత నొప్పి మళ్లీ పాకింది.

ఒళ్లు మండి ఆ అమరిక చేసినావిడకే ఉత్తరం రాశాడు.

"అమ్మా, బంగారం లాంటి అమరికను చెడగొట్టి నా కొంప ముంచారు. నేను నేర్చుకున్న పాతదే నాకు పంపండి. అది ఎలా ఉండేదో ఈ పటంలో చూడండి."

బాబాయి గీసిన కాగితం ఫొటో తీసి జతచేశాడు. మర్నాడే జవాబు వచ్చింది.

"నమస్కారమండీ. నా అమరికలో తొమ్మిదేళ్లుగా ఒక్క మీట కూడా మారలేదు. మీరు పంపిన పటం నాది కాదు. నాది బాగున్న చేతుల కోసం చేసింది, అందులో బ్రాకెట్ల చాకిరీ అంతా ఎడమ చిటికెన వేలిదే. మీ పటంలో ఆ వేలికి ఒక్క పనీ లేదు. ఇది లోకానికంతటికీ చేసింది కాదండీ, ఒకే ఒక్క చెయ్యి కోసం చేసింది. ఇంత పని చేశారంటే ఆ మహానుభావుడెవరో రోజుల తరబడి మీ వెనకాలే నిలబడి, మీ వేళ్లనే చూసి ఉంటారు."