పుణె నుంచి జవాబు లేదు

బల్కంపేట సందులో మూడో అంతస్తు మెట్లు పరుగున ఎక్కాడు గిరిబాబు. కొమురమ్మ ఫోన్ చేసిన పావుగంటకే పంజగుట్ట ఆఫీసు నుంచి బండి మీద వచ్చేశాడు.

కొమురమ్మ భర్త ఎల్లేశం కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. గుండె ఆపరేషన్ అయి ఇంటికొచ్చి నాలుగు రోజులే. అమీర్‌పేటలో టైలరు. సిరిసిల్ల మరమగ్గాల మోతకు వయసులోనే చెవులు పోయాయి. ఫోన్ ఆయనకు పనికిరాదు. అందుకే కూతురు నిరోష పుణెలో ఉద్యోగానికి వెళ్తూ, తన లైనక్స్ కంప్యూటర్ ఇంట్లోనే ఉంచి ఆయనకు చాటింగ్ నేర్పింది. రోజూ సాయంత్రం ఆరింటికి తండ్రీకూతుళ్ల ముచ్చట్లు.

గిరిబాబు, నిరోష మైత్రీవనంలో ఒకే క్లాసులో లైనక్స్ నేర్చుకున్నారు. అప్పటి నుంచి అతనికి ఎల్లేశం కాక, కొమురమ్మ చిన్నమ్మ.

“నాలుగు రోజుల సంది లేని నెట్, పొద్దుగాల కరెంటు పోయొచ్చినంక వచ్చింది బిడ్డా,” గట్టిగా అన్నాడు ఎల్లేశం. “నేను జూసేలోపల మీ చిన్నమ్మ కాలు తాకి వైరు ఊడింది.”

గిరిబాబు నల్ల తెర మీద చాలాసేపు టైపు చేశాడు. తర్వాత వైరు పెట్టాడు. వెనక పచ్చదీపం వెలిగింది. ఎల్లేశం ఆశగా ముందుకు వంగాడు.

నెట్ మాత్రం కలవలేదు.

“నీకు సమజ్ కాకుంటే మా నిరోషను అడుగు. ఒక్క నిమిషంల చెప్తది.”

గిరిబాబు తలెత్తలేదు. కుట్టుమిషను మీది చాక్‌పీసు తీసి, నల్లగుడ్డ ముక్క మీద పెద్ద అక్షరాలతో రాశాడు: ‘నెట్ కార్డు ఖరాబైంది. నెల పడ్తది.’

ఎల్లేశం దాన్ని రెండుసార్లు చదివాడు.

“నెలనా? పోరి ఫికర్ వడ్తది. నీ ఆఫీసుల నుంచి మెయిల్ పెట్టు. బాపు మంచిగున్నడు, అన్నం తింటున్నడు అని రాయి. నా కోసం సెలవు పెట్టి ఉరికి రావద్దని సుత రాయి.”

గిరిబాబు జేబులోంచి కాగితం తీసి, ఒక్క మాట వదలకుండా రాసుకున్నాడు.

కిందికి దిగేసరికి కొమురమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. పైకి చూపి, ఏమైందని చేత్తోనే అడిగింది.

“మళ్ల కరెంటు పోయొచ్చినా ఇగ నెట్ రాకుండ చేసిన చిన్నమ్మా,” అన్నాడు గిరిబాబు, “కుట్లు మానేదాక, ఆపరేషన్ నాడే నిరోష పుణెల లారీ కింద పడి పానం ఇడిసిన సంగతి కాకకు తెల్వది.”